ఎవరి మాల్ వాళ్లది: సింగపూర్‌లో ఓ ఆషాఢం

ఆషాఢంలో మ్యాచింగ్ సెంటర్లకి పని తక్కువ. చీరల షాపులవాళ్లు డిస్కౌంట్ బోర్డులు పెట్టి జనాన్ని లాక్కుంటారు గానీ, పెళ్లిళ్లు లేనప్పుడు జాకెట్లు కుట్టించే తొందర ఎవరికీ ఉండదు. విజయవాడ వన్‌టౌన్‌లో మాది చిన్న కొట్టు. లైనింగులు, ఫాల్స్, టూ బై టూ పీసులు, పెట్టీకోట్లు, ఇవే మా లోకం. 2024 ఆషాఢంలో దాన్ని మా ఆయనకి అప్పగించి, ఎన్నాళ్ల నుంచో పిలుస్తున్న చెల్లెలి దగ్గరికి సింగపూర్ వెళ్లాను. వెళ్లేముందు మా ఆయన ఒకటే మాట అన్నాడు: "చూడు గానీ, కొనకు."

గురువారం

హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే తెల్లారేసరికి అక్కడ ఉన్నాను. వాచీ రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోవాలి. చెల్లెలి ఇల్లు టాంపినీస్‌లో, ఎయిర్‌పోర్టుకి దగ్గరే. మరిది చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ చూస్తాడు. ఆ చుట్టుపక్కల స్టేషన్లలో దిగితే మన భాషలన్నీ వినిపిస్తాయి.

వాళ్లు ఉండేది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్‌లో, అద్దెకి. హెచ్‌డీబీ అంటారు. ఈ దేశంలో పదిమందిలో ఎనిమిది మంది దాకా ఇలాంటి ఇళ్లలోనే ఉంటారు. బిల్డింగ్ కింద అంతా స్తంభాలు, ఖాళీ నేల. పెళ్లిళ్లూ చావులూ అక్కడే చేస్తారట. నేను చూసినప్పుడు ఒక పెద్దాయన ఒంటరిగా కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. మిగతా జనం ఎక్కడ అని అడిగితే చెల్లి, "మాల్లో ఉంటారక్కా" అంది, మన ఊళ్లో గుళ్లో ఉంటారు అన్నట్టు.

నిజంగానే అక్కడ ఉన్నారు. టాంపినీస్ స్టేషన్ దిగగానే టాంపినీస్ మాల్, సెంచురీ స్క్వేర్, టాంపినీస్ వన్, మూడూ ఒకదాని పక్కన ఒకటి. బస్సు ఎక్కాలన్నా, పాల ప్యాకెట్ కావాలన్నా, పిల్లని ట్యూషన్‌కి దింపాలన్నా దారి వాటి మధ్య నుంచే. కస్టమర్‌ని కొట్టుకి రప్పించడానికి మేం పడే పాట్లు నాకు తెలుసు. ఇక్కడ రైలే కస్టమర్లని తెచ్చి గుమ్మంలో దింపుతోంది.

రాత్రి భోజనానికి ఎక్కడికి అంటే ఎయిర్‌పోర్టుకే అన్నారు. నవ్వులాట అనుకున్నాను. చాంగీ ఎయిర్‌పోర్టు పక్కనే 2019లో తెరిచిన జ్యూవెల్ అనే మాల్ ఉంది. అద్దాల గోపురం, నడిమధ్య పైకప్పు నుంచి 40 మీటర్ల జలపాతం, చుట్టూ చెట్లు. నేల మీద అయిదు అంతస్తులు, నేల కింద మరో అయిదు. విమానం ఎక్కే పని లేనివాళ్లే ఎక్కువమంది కనిపించారు. స్కూలు పిల్లలు పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవడానికి కూడా ఎయిర్‌పోర్టుకి వస్తారట, ఏసీ ఉంటుంది, ఎవరూ లేవగొట్టరు. నేను జలపాతాన్ని చూడాల్సినంత చూసి, తర్వాత కొట్ల వైపు చూశాను. జనం అంతా జలపాతం దగ్గరే, చాలా కొట్లలో సేల్స్ అమ్మాయిలు మడతపెట్టిన బట్టల్నే మళ్లీ మడతపెడుతున్నారు. ఆ పని మేం కూడా ఆషాఢంలో చేస్తాం.

శుక్రవారం

మరిది ఆఫీసుకి, పాప స్కూలుకి వెళ్లాక నేనూ చెల్లీ బయటపడ్డాం. పదకొండు దాటితే ఎండ కన్నా ఉక్క ఎక్కువ. అవర్ టాంపినీస్ హబ్ అని ఒకటి ఉంది, 2017లో తెరిచారు. మాల్‌లాగే ఉంటుంది గానీ కట్టించింది ప్రభుత్వం. లైబ్రరీ, ఈతకొలనులు, ఫుట్‌బాల్ మైదానం, తిండి దుకాణాలు, ప్రభుత్వ కౌంటర్లు అన్నీ ఒకే కప్పు కింద. కింద ఒక పక్క ముసలివాళ్లు పాటకి తగ్గట్టు చేతులూపుతూ వ్యాయామం చేస్తున్నారు.

చెల్లి స్నేహితురాళ్లు కాఫీకి కలుస్తారు, వారంలో ఏదో ఒక రోజు. ఆవేళ నలుగురు వచ్చారు. ఇద్దరు గుంటూరు వైపు, ఒకామె వరంగల్, ఒకామె కోయంబత్తూరు. అందరూ చదువుకున్నవాళ్లే. మా చెల్లి హైదరాబాద్‌లో ఏడేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసింది. ఇక్కడ భర్త పాస్ మీద వచ్చిన భార్యది డిపెండెంట్ పాస్. పూర్వం ఆ పాస్ మీద వచ్చినవాళ్లకి కంపెనీ ఒక అనుమతి పత్రం తీసుకుంటే ఉద్యోగం చేసుకోవడానికి కుదిరేది. 2021 మే నుంచి అది కుదరదు, ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ రావాలి. భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే భర్త జీతం నెలకి 6,000 సింగపూర్ డాలర్లు ఉండాలి, అమ్మానాన్నల్ని కూడా తెచ్చి పెట్టుకోవాలంటే 12,000. అందుకే అమ్మ వస్తే విజిట్ వీసా మీద వచ్చి, కొన్నాళ్లుండి వెళ్లిపోతుంది.

వాళ్ల మాటలన్నీ పీఆర్, అంటే ఇక్కడే స్థిరంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి, దాని చుట్టూనే తిరిగాయి. ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదు, ఎన్నోసారి పెట్టారు. వరంగల్ ఆవిడకి ఇద్దరూ మగపిల్లలే. పీఆర్ వస్తే పిల్లలు పెద్దయ్యాక రెండేళ్లు మిలిటరీ సర్వీసు చేయాలి. "రాకపోతే ఒక టెన్షన్, వస్తే ఇంకో టెన్షన్ వదినా" అని నాతోనే అంది, అప్పుడే పరిచయమైన నాతో. మిగతావాళ్లకి అది పాత కథ అయి ఉంటుంది.

వాళ్లు ఆ బల్ల దగ్గర మూడు గంటలు కూర్చున్నారు. తాగింది మనిషికి ఒక కాఫీ. ఇంటికి పిలుచుకోవచ్చు కదా అన్నాను. అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి, పైగా ఒకరింటికి పిలిస్తే వంటలు, ఏర్పాట్లు, మళ్లీ పిలుపులు. ఇక్కడైతే ఎవరూ ఎవరికీ బాకీ పడరు. ఆ మాటలో నిజముంది. ఆడవాళ్లు కాలు మోపుకోవడానికి ఒక అరుగు కావాలి, ఈ ఊళ్లో అరుగుకి ఏసీ పెట్టారు, అంతే తేడా.

శనివారం

ఆర్చర్డ్ రోడ్. సింగపూర్ షాపింగ్ అంటే అందరూ చెప్పే పేరు. పాప కూడా వచ్చింది. "పెద్దమ్మా, నీకు లిఫ్ట్‌లు ఇష్టమా ఎస్కలేటర్లు ఇష్టమా?" అని అడిగి, నేను చెప్పేలోపే ఎస్కలేటర్ ఎక్కింది.

స్టేషన్ మీదే అయాన్ ఆర్చర్డ్, 2009 నాటిది. పైనున్న పెద్ద పేర్ల హ్యాండ్‌బ్యాగుల కొట్ల ముందు లోపలికి వెళ్లడానికి తాడు కట్టి క్యూ నిలబెట్టారు. లోపల చూస్తే ఖాళీ. జనాన్ని బయట ఆపి కొట్టుకి గిరాకీ ఉన్నట్టు చూపించే ఈ పద్ధతి మా వీధిలో పనికిరాదు, పక్క కొట్టుకి వెళ్లిపోతారు.

ఎదురుగా ఆకుపచ్చ పెంకుల చైనా కప్పుతో ఉన్నది టాంగ్స్. దాని కథ మరిది చెప్పాడు, నాకు ఆర్చర్డ్ రోడ్డు మొత్తంలో నచ్చింది అదే. టాంగ్ చూన్ కెంగ్ అనే ఆయన 1920ల్లో చైనాలోని స్వాటో నుంచి వచ్చి, రేకు పెట్టెలో లేసులు, ఎంబ్రాయిడరీ గుడ్డలు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. కొన్నది ఎక్కువగా దొరల భార్యలు. తర్వాత 1958లో ఇక్కడ స్థలం తీసుకుని పెద్ద కొట్టు కట్టాడు. అప్పట్లో రోడ్డుకి ఆ పక్క చైనావాళ్ల శ్మశానం. శ్మశానానికి ఎదురుగా వ్యాపారమా అని అందరూ వద్దన్నారట. ఆయన లెక్క వేరు. టాంగ్లిన్ వైపు బంగళాల్లో ఉండే ఇంగ్లీషు ఇల్లాళ్లు ఊళ్లోకి రావాలంటే ఈ దారినే రావాలి. పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్ల పర్సు చూసుకునే ఈ రోడ్డు మొదలైందన్నమాట. ఆయన భక్తిగల క్రైస్తవుడు, చాలా ఏళ్ల పాటు ఆదివారం కొట్టు మూసేవాడు. ఆ శ్మశానం ఉన్న చోట ఇప్పుడు ఎన్జీ ఆన్ సిటీ అనే మాల్, అందులో 1993లో వచ్చిన జపాన్‌వాళ్ల పెద్ద కొట్టు తకషిమాయ.

పెట్టెతో ఇల్లిల్లూ తిరిగిన బట్టల వర్తకుడంటే నాకు మా మామగారు గుర్తొస్తారు, ఆయనా సైకిల్ మీద మూటతోనే మొదలుపెట్టారు. అందుకని టాంగ్స్‌లోకి కాస్త మర్యాదగానే అడుగుపెట్టాను. లేసుల కౌంటర్ ఎక్కడ అని అడిగితే అమ్మాయి తెల్లబోయింది.

ఆ రోజు నుంచి నాకొక అలవాటైంది, ఏ కొట్టులోకి వెళ్లినా "అద్దె ఎవరికి కడతారు?" అని అడగడం. చెల్లి సిగ్గుతో చచ్చిపోయింది. ఆర్చర్డ్ రోడ్డు పెద్ద మాల్స్‌లో ఎవరూ చెప్పలేకపోయారు, "కంపెనీ" అన్నారు. మాల్ మొత్తానికి ఒకే యజమాని. అద్దె కాక అమ్మకాల మీద వాటా కూడా తీసుకుంటారని మరిది చెప్పాడు. అంటే బిల్లు కొట్టే మెషిన్‌లో ఓనర్‌కి కూడా ఒక కన్ను ఉంటుంది. అమ్మకం తగ్గిన కొట్టు అగ్రిమెంట్ అయిపోగానే లేచిపోవాలి. అందుకే ఏ మాల్‌కి వెళ్లినా అవే పేర్లు, అదే కాఫీ, అదే జపాన్ బనియన్ల కొట్టు.

ఆదివారం

టాంగ్స్ నుంచి నడిచేంత దూరంలోనే లక్కీ ప్లాజా. 1978లో తెరిచినప్పుడు దీని గాజు లిఫ్టులు చూడటానికి జనం వచ్చేవారట. ఇప్పుడు బయటి నుంచి చూస్తే పాతబడిన గోధుమరంగు బిల్డింగ్. నిన్న అటే వెళ్లాం, తల తిప్పి చూడలేదు. ఇవాళ లోపలికి వెళ్లడానికి భుజాలు పక్కకి తిప్పుకోవాల్సి వచ్చింది.

అందరూ ఆడవాళ్లు. ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు. సింగపూర్‌లో ఇళ్లల్లో పనిచేసే పరదేశపు ఆడవాళ్లు సుమారు 3 లక్షల మంది, వాళ్లలో వీళ్లు పెద్ద భాగం. రూల్ ప్రకారం పనిచేసే ఇంట్లోనే ఉండాలి, బయట గది తీసుకోకూడదు. 2013 నుంచి వారానికొక సెలవు చట్టంలో ఉంది, కాకపోతే డబ్బు ఇచ్చి ఆ రోజు కూడా పని చేయించుకోవచ్చు. 2023 జనవరి నుంచి నెలకి ఒక్క సెలవైనా డబ్బుతో కొనడానికి వీల్లేదన్నారు. సెలవు దొరికింది సరే, ఎక్కడికి వెళ్లాలి? ఇల్లు యజమానిది. పార్కులో వాన, ఎండ. అందుకే ఇక్కడికి.

ప్రతి అంతస్తులో డబ్బు పంపే కౌంటర్లు. వరసలు మెట్ల దాకా వచ్చాయి. మధ్యలో ఫిలిప్పీన్స్ సరుకుల కొట్లు, ఫోన్ల కొట్లు, జుట్టు స్ట్రెయిట్ చేసే పార్లర్లు, వాళ్ల దేశపు ఫ్రైడ్ చికెన్ జాలీబీ. కూర్చోవడానికి చోటు లేక మెట్ల మీద, గోడల పక్క అట్టలు పరుచుకుని టిఫిన్లు విప్పారు. గిటార్ ఒకటి ఎక్కడో మోగుతోంది. 2019 డిసెంబరు 29న ఇలాంటి ఆదివారమే బిల్డింగ్ పక్క సందులో ఒక కారు అదుపు తప్పి వీళ్ల మీదికి దూసుకొచ్చింది, ఇద్దరు చనిపోయారు. కూర్చోవడానికి రోడ్డు పక్క తప్ప చోటు లేకపోవడం అంటే ఏంటో ఆ మెట్ల మీద జనాన్ని చూస్తే అర్థమవుతుంది.

ఒక కార్గో కౌంటర్ ముందు నలభై ఏళ్లామె పెద్ద అట్టపెట్టె సర్దుతోంది. బాలిక్‌బాయన్ బాక్స్ అంటారు, ఓడలో ఊరికి వెళ్తుంది, చేరడానికి వారాలు పడుతుంది. బరువుతో పని లేదు, పెట్టె సైజుకి ఒకే రేటు. ఈ మాట వినగానే నా వ్యాపార బుద్ధి నిద్ర లేచింది. రేటు ఒకటే అయితే ఒక్క వేలు సందు కూడా వదలకూడదు కదా! ఆమెకి అది నాకన్నా బాగా తెలుసు. అడుగున టిన్నుల మాంసం, షాంపూ సీసాలు. సీసాల మూతల చుట్టూ టేపు. మధ్య సందుల్లో చాక్లెట్లు, సబ్బులు. పిల్లల బూట్ల లోపల సాక్సులు, సాక్సుల్లో చిన్న చిన్న బొమ్మలు. మూలల్లో తువ్వాళ్లు చుట్టి కుక్కింది. ఆఖరున రెండు డబుల్ దుప్పట్లు మిగిలాయి, ఎలా పెట్టినా మూత పడటం లేదు. పక్కనున్న స్నేహితురాలు పెట్టె మీద కూర్చుంది, అయినా లాభం లేదు.

నేను అడిగి తీసుకున్నాను. దుప్పటిని నిలువుగా నాలుగు మడతలు వేసి, గాలి పోయేలా అరచేత్తో నొక్కుతూ, తాను చుట్టినట్టు గట్టిగా చుట్టాను. రెండోది కూడా. రెండూ పెట్టె అంచుల వెంట నిలువుగా దిగిపోయాయి. మూత పడింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఇలోయిలో ప్రాంతం మనిషి, పదేళ్లుగా ఒక తమిళ కుటుంబంలో పనిచేస్తోంది. "నాకు దోశ, సాంబారు, వత్తకుళంబు కూడా వచ్చు" అంది ఇంగ్లీషులో. కూతురు అక్కడ నర్సింగ్ చదువుతోంది. పెట్టె మీద అడ్రసు రాస్తూ కూతురి పేరు పెద్ద అక్షరాల్లో, తన పేరు చిన్న అక్షరాల్లో రాసింది.

పక్కన ఫిలిప్పీన్స్ సరుకుల కొట్టాయన దగ్గర నా మామూలు ప్రశ్న వేశాను. ఈసారి జవాబు వచ్చింది. ఈ కొట్టు ఒక ముసలామెదట, ఆమె పక్క కొట్టు ఇంకొకరిదట, పైన ఒక కుటుంబానికి మూడున్నాయట. లక్కీ ప్లాజాకి ఒక యజమాని లేడు. కొట్టు కొట్టుకీ ఒక ఓనర్. అద్దె బేరం మనిషితో ఆడుకోవచ్చు, కౌంటర్‌ని రెండు ముక్కలు చేసి సగం ఫోన్లకి, సగం డబ్బు పంపేవాళ్లకి ఇవ్వచ్చు, ఎవరూ బ్రాండ్ అడగరు. ఆర్చర్డ్ రోడ్డు నడిబొడ్డున పనివాళ్లకి చోటు ఎలా మిగిలిందో అప్పుడు తెలిసింది. దయతో మిగల్లేదు, రిజిస్ట్రేషన్ కాగితాల వల్ల మిగిలింది.

సాయంత్రం లిటిల్ ఇండియా. ఇక్కడ అందరూ మగవాళ్లు. తుఆస్ వైపు, ఇంకా ఊరి చివర డార్మిటరీల్లో ఉండే కన్‌స్ట్రక్షన్, షిప్‌యార్డ్ పనివాళ్లు. తమిళ కుర్రాళ్లు టెక్కా వైపు, బంగ్లాదేశ్‌వాళ్లు లెంబు రోడ్ వైపు. వాళ్లు ఎవరూ గీత గీయలేదు, అయినా ఎవరి వీధి వాళ్లదే. 2013 డిసెంబరు 8 ఆదివారం రాత్రి ఒక కార్మికుడు బస్సు కింద పడి చనిపోతే ఇక్కడ పెద్ద అల్లరి జరిగింది. తర్వాత మందు అమ్మకం మీద కట్టుబాట్లు వచ్చాయి. ఇప్పుడు జనం ఉన్నారు గానీ చేతుల్లో టీ కప్పులే ఎక్కువ.

ముస్తఫా సెంటర్ గురించి మన ఊళ్లో కూడా తెలుసు. 1971లో చిన్న రెడీమేడ్ బట్టల కొట్టుగా మొదలై ఇంత అయింది, సయ్యద్ ఆల్వి రోడ్డులో ఇప్పుడున్న బిల్డింగ్ 1995 నాటిది. కోవిడ్ ముందు 24 గంటలూ తెరిచి ఉండేది, నేను వెళ్లినప్పుడు రాత్రి 2 దాకా. బంగారం, బియ్యం, గడియారాలు, మందులు, సూట్‌కేసులు, మామిడి తాండ్ర, అన్నీ ఉన్నాయి, నడవడానికి దారి తప్ప. లోపలికి వెళ్లేటప్పుడు మన సంచీ జిప్పుకి ప్లాస్టిక్ టై బిగిస్తారు. ఇంటికెళ్లి కత్తెరతో కోసుకోవాలి.

తలనొప్పి నూనెల దగ్గర, గొడ్డలి బొమ్మ సీసాలు లెక్కపెడుతున్న ఇద్దరు కుర్రాళ్లు తెలుగులో వాదించుకుంటున్నారు. ఇరవై తీసుకుందామని ఒకడు, ఊళ్లో ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోతే గొడవ, ముప్పై తీసుకుందామని ఇంకొకడు. నేను, "ముప్పై తీసుకో నాన్నా" అన్నాను. ఇద్దరూ తిరిగి చూసి, "అక్కా, మనదే ఊరు?" అన్నారు. పలాస దగ్గర పల్లె వాళ్లది. షిప్‌యార్డులో వెల్డింగ్. ఆదివారం కూడా ఓటీ ఉంటుందట, కానీ నెలకి రెండు ఆదివారాలు కావాలని ఇక్కడికే వస్తారు. "ఏం కొన్నా కొనకపోయినా ఇక్కడికి రాకపోతే ఆదివారం అయినట్టుండదక్కా." ఒకడికి పై నెల సెలవు. వాడి లిస్టులో చెల్లెలి సారె కోసం చీరలు ఉన్నాయి. ఇక్కడ కొనొద్దు, సింగపూర్‌లో చీరకి ఇచ్చే డబ్బుతో విజయవాడలో రెండొస్తాయి అని చెప్పాను. కొట్టు ఎక్కడో కూడా చెప్పాను, అలవాటు.

సోమవారం

కాళ్లు వాచాయి. పొద్దున్నుంచి వాన. ఇంట్లోనే ఉండి చెల్లి చీరలకి ఫాల్స్ కుట్టాను.

మంగళవారం

సిటీ హాల్ స్టేషన్ దగ్గర, సెయింట్ ఆండ్రూస్ చర్చికి ఎదురుగా పెనిన్సులా ప్లాజా. ఇది బర్మావాళ్లది. బర్మా అక్షరాల బోర్డులు, తమలపాకు చుట్టి ఇచ్చే బంకు, ఊరబెట్టిన టీ ఆకుతో వేరుశెనగలు, వెల్లుల్లి కలిపిన సలాడ్. నేను తిన్నాను, గోంగూర అలవాటున్న నాలుకకి పెద్ద కష్టమేం కాలేదు. బట్టల కొట్లలో లుంగీలు దొంతర్లు. అంచులు కుట్టేసి గొట్టంలా ఉంటాయి, ఆడవాళ్లవి పట్టు మీద అలల డిజైన్. నేత ముట్టుకుని చూశాను. మామూలు రకం మన పవర్‌లూమ్ లాంటిదే, కాటన్ రకం మటుకు చేతికి బాగుంది.

మా అత్తగారి పుట్టింటివాళ్లు కాకినాడ నుంచి రంగూన్ ఓడ ఎక్కినవాళ్లు. 1941 చివర్లో, 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు చాలామంది కాలినడకన అడవుల్లో పడి వచ్చారు, మిగిలినవాళ్లలో చాలామంది 1960ల్లో ఆస్తులు వదిలేసి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ అలా ఏర్పడిందే. ఈ కొట్లలో ఉన్న పిల్లల కథ వేరే రకం. 2021లో సైన్యం గద్దెనెక్కింది, 2024 ఫిబ్రవరిలో యువకుల్ని సైన్యంలో బలవంతంగా చేర్చుకునే చట్టం అమల్లోకి తెచ్చింది. ఉన్న ఊరు ఖాళీ చేసి పోవడం అంటే మా అత్తగారికి తెలుసు. ఆవిడ ఉంటే ఇక్కడ కబుర్లకి దిగేది. నేను ఒక లుంగీ కొన్నాను. మా ఆయన మాట తప్పినట్టే.

పక్కనే ఫునాన్, పడగొట్టి 2019లో మళ్లీ కట్టిన మాల్. లోపల సైకిల్ దారి కూడా ఉంది. చాలా అందంగా ఉంది. అయిదు నిమిషాల్లో బయటికొచ్చాం.

మధ్యాహ్నం బీచ్ రోడ్డుకి వెళ్లాం, గోల్డెన్ మైల్ కాంప్లెక్స్ చూడాలని. చూడటానికి ఏం లేదని మరిది ముందే చెప్పాడు. 1973లో కట్టారు, 16 అంతస్తులు, మెట్లు మెట్లుగా వెనక్కి వాలినట్టుంటుంది. థాయ్‌లాండ్‌వాళ్ల అడ్డా. థాయ్ సూపర్ మార్కెట్, తిండి, థాయ్‌లాండ్‌లోని హాట్యాయ్ ఊరికి వెళ్లే బస్సులు, అన్నీ ఇక్కడే ఉండేవి. 2006లో పార్లమెంటులో ఒక సభ్యుడు దీన్ని నిలువు మురికివాడ అని తిట్టాడు. ఇది కూడా కొట్టుకొక ఓనర్ ఉన్న బిల్డింగే. అలాంటివాటికి ఇక్కడ ఒక చట్టం ఉంది. పదేళ్లు దాటిన బిల్డింగ్‌లో 80 శాతం వాటా ఉన్నవాళ్లు అమ్మేద్దామంటే మిగతా 20 శాతం కూడా అమ్మాల్సిందే. 2022లో 70 కోట్ల డాలర్లకి మొత్తం పోయింది. 2021లోనే దీన్ని కాపాడాల్సిన కట్టడంగా ప్రకటించారు కాబట్టి పడగొట్టరు, బాగుచేస్తారు. 2023 మే నెలలో కొట్లన్నీ ఖాళీ చేశారు.

మేం వెళ్లేసరికి చుట్టూ కంచె, లోపల మెషిన్ల చప్పుడు. గోడల్ని కాపాడారు, మంచిదే. బస్సు టికెట్లు అమ్మినవాళ్లు ఏమయ్యారని మరిదిని అడిగితే, కొందరు పక్కనున్న గోల్డెన్ మైల్ టవర్‌కి మారారు, కొందరు తలో దిక్కూ అన్నాడు. లక్కీ ప్లాజాకి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ రోజు వస్తుందా అంటే, "స్థలం ఆర్చర్డ్ రోడ్డులో ఉంది కదా వదినగారూ" అని ఊరుకున్నాడు. వ్యాపారిగా నాకు ఆ అమ్మినవాళ్ల మీద కోపం లేదు. మా కొట్టుకి అంత రేటొస్తే నేనూ సంతకం పెడతాను. కానీ అద్దెకున్నవాడికి ఓటు లేదు, ఆదివారం వచ్చేవాడికి అసలే లేదు.

బుధవారం

మర్నాడు తిరుగు ప్రయాణం. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి (1855 నాటిది, స్తంభాలు చల్లగా ఉన్నాయి), అక్కణ్ణుంచి టెక్కా సెంటర్‌కి నడిచాం. కింద చేపలు, కూరగాయలు, తిండి కొట్లు. పై అంతస్తుకి ఎక్కానో లేదో, ప్రాణం లేచొచ్చింది. చీరలు, పంజాబీ డ్రెస్సులు, తాన్ల బట్టలు, కుట్టు మిషన్ల చప్పుడు, నేల మీద దారాల ముక్కలు. ఇన్నాళ్లూ తిరిగిన మాల్స్‌లో ఎక్కడా ఒక్క దారం ముక్క కనిపించలేదు.

ఒక మూల కొట్టులో యాభై దాటిన తమిళావిడ జాకెట్ చేతులకి హెమ్మింగ్ చేస్తోంది. నేను వచ్చీరాని తమిళంలో, చెల్లి ఇంగ్లీషులో మాటలు కలిపాం. అద్దె ఎవరికి అంటే, "గవర్నమెంటుకి" అంది నవ్వుతూ. లైనింగ్ జాకెట్ కుట్టుకూలి ఎంతో విని రూపాయల్లోకి మార్చుకున్నాను, డాలరు అప్పుడు 62 రూపాయలకి అటూ ఇటూ. మా వీధిలో ఆ డబ్బుకి నాలుగు జాకెట్లు కుడతారు. ఆవిడ దగ్గర లైనింగ్ పాలిస్టర్ కలిసినది. ఈ ఉక్కలో ఒంటికి అంటుకుంటుంది. కాటన్ లైనింగ్ పెట్టరేం అంటే, చెన్నై నుంచి వచ్చేది రంగు పోతోంది, కస్టమర్లు తిట్టారు, మానేశాను అంది.

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ రంగుల సాంపిల్ కార్డు ఉంటుంది. చెల్లి నా మోచెయ్యి లాగింది, నేను ఆగలేదు. ఆవిడ కార్డు అందుకుని కళ్లద్దాలు సర్దుకుంది. ఒక మెరూన్ ముక్క తీసి వేలికి ఉమ్మి తడి చేసి తెల్ల గుడ్డ మీద గట్టిగా రుద్దింది. రంగు అంటలేదు. ఇంకో రెండు రంగులు అలాగే చూసింది. అప్పుడు అడిగింది, మీటరెంత, తాను ఎన్ని మీటర్లు, కొరియర్‌కి ఎన్ని రోజులు. ముందు పది రంగులు, మెరూన్ మాత్రం రెండు షేడ్లు, పంపితే చూస్తానంది. రేటు మీద అరగంట పట్టింది. చెల్లి మధ్యలో వెళ్లి ముగ్గురికీ టీ తెచ్చింది.

"అక్కా, నువ్వు సెలవుకి వచ్చావా, వ్యాపారానికి వచ్చావా?" అంది మెట్లు దిగుతుంటే. నేను అప్పటికే మా ఆయనకి వాట్సాప్‌లో లిస్టు పెట్టేశాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "అడ్వాన్స్ అడిగావా?"